నిజాలు చెప్పే పశువైద్యుల మీద ఒక ఫిర్యాదు

విజయనగరంలో పశువైద్యుల మీద చర్య తీసుకోవాల్సిన టైమొచ్చింది. వాళ్ళు మందులు తక్కువ రాస్తున్నారు, నిజాలు ఎక్కువ చెబుతున్నారు.

మా వీధిలో రిటైరైన మాస్టారింట్లో డాష్‌హండ్ జాతి కుక్క ఒకటి ఉంది. బారెడు నడుం, బెత్తెడు కాళ్ళు. ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్కు జారడం మామూలే. సోఫా మీంచి దూకిందో ఏమో, వెనక కాళ్ళు తడబడ్డాయి. ఇక్కడి డాక్టరు చూసి, ఇంకా నడుస్తోంది కాబట్టి బోనులో కదలకుండా ఉంచి మందులు వాడదాం, తగ్గకపోయినా కాళ్ళు పడిపోయినా వెంటనే సర్జరీ గురించి ఆలోచించాలి, స్కాన్ అప్పుడు తీద్దాం అన్నాడు. ఇదేం వైద్యమండీ? హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లోనే "ఎమ్మారై తీయించండి నాన్నా, డబ్బులు నేను పంపుతా" అనేశాక బోను గురించి ఎవడికి కావాలి?

కారు కట్టించుకుని విశాఖ వెళ్ళారు. అక్కడి డాక్టరు మరీ ఘోరం, స్కాన్‌కి ఒప్పుకుంటూనే భయపెట్టడం మొదలెట్టాడు. కుక్క కదలకుండా పడుకోదు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలట, మత్తుకుండే రిస్కు దానికి ఉందట. ఎమ్మారైలో రేడియేషన్ లేకపోయినా మెడ దగ్గర చర్మం కింద గుర్తింపు కోసం పెట్టే మైక్రోచిప్ ఉంటే అక్కడ బొమ్మ చెడిపోతుందట. ఎమ్మారైకి బదులు మయిలోగ్రామ్ అయితే మెడ వెనకో నడుం దగ్గరో సూది దించి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారట. మత్తు వదిలాక కొన్ని కుక్కలకు మూర్ఛలొస్తాయట, పెద్ద జాతులకూ మెడ దగ్గర ఎక్కించిన వాటికీ ఆ భయం ఎక్కువట. పాతకాలం రంగుమందులకంటే ఇప్పుడు వాడే అయోహెక్సాల్ నయమేనట గానీ, సూది వెన్నుపాముకు తగిలినా, కాళ్ళ బలహీనత కొన్నాళ్ళు పెరిగినా ఆశ్చర్యపోవద్దట. ఇదంతా ఎవరడిగారు? సంతకం ఎక్కడ పెట్టాలో చెబితే చాలదా? బ్యాంకు లోను కాగితాలే చదవకుండా సంతకాలు పెట్టిన వంశం మాది!

అసలు దారుణం ఇడ్లీ దగ్గర జరిగింది. రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దని ఫోన్‌లో ముందే చెప్పారు. కానీ పరగడుపున అంత దూరం ప్రయాణమా, నోరులేని జీవి కదా అని మాస్టారి భార్య తెల్లారగట్ల రెండు ఇడ్లీలు పెట్టింది, చట్నీతో. "ఏమైనా తిందా?" అని డాక్టరడిగితే ఇంటిల్లిపాదీ ఒకే గొంతుతో "లేదండీ" అన్నారు. ఆయన వంగి చూశాడు. మీసం మీద పచ్చిమిర్చి తునక.

మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందని చెప్పి, ఆ రోజుకి స్కాన్ వాయిదా వేశాడు. రెండు ఇడ్లీలకి ఇంత రాద్ధాంతమా అని దారి పొడుగునా ఆవిడ బాధపడిందట. పనిలో పనిగా ఆ డాక్టరు కూడా బోనే దిక్కని చెప్పి పంపాడు. మధ్యలో పక్కింటాయనొచ్చి "ఏటి బావూ, కుక్క నడుముకి స్కానింగేటి, ఆవనూనె రాసి మర్దనా సెయ్యి" అన్నాడు. జారిన డిస్కు మీద మర్దనా కూడదన్నదీ ఆ డాక్టర్లే, ఇంకేం చెప్పను.

ఇప్పుడా కుక్క వరండాలో బోనులో ఉంది, కాస్త కుదుటపడుతోంది కూడా. మాస్టారికి మాత్రం దిగులు తీరలేదు. ఫిల్ము ఉంటే కిటికీ వెలుగులో పెట్టి వచ్చిన చుట్టాలందరికీ చూపించేవాడు. బోనును ఏమని చూపిస్తాడు?