కాకిలెక్కలతో కొలువులా?

ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్రాంగణ నియామకాల కాలం మళ్ళీ వచ్చింది. దానితో పాటే పాత తంతూ వచ్చింది. నాలుగేళ్ళు చదివిన విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, హైదరాబాద్‌లో రోజుకు ఎన్ని కప్పుల ఇరానీ చాయ్ అమ్ముడవుతుందో, విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయో చెప్పమంటున్నారు. ఒక తెల్లకాగితం, ఒక కలం, అయిదు నిమిషాలు. అక్కడ తడబడితే ఆ నాలుగేళ్ళ చదువునూ, చేసిన ప్రాజెక్టునూ అడిగే నాథుడుండడు.

జవాబు ముఖ్యం కాదు, ఆలోచించే తీరు చూస్తామని సంస్థలు అంటాయి. అంచనా కట్టగలగడం మంచి విద్యే, కాదనం. మరి ఆ తీరుకు మార్కులు వేసేది ఎవరు, ఏ కొలబద్దతో?

చాయ్ లెక్కే చూడండి. నగర జనాభా కోటి అనుకుని, అయిదుగురిలో ఒకరు రోజుకో కప్పు తాగుతారంటే 20 లక్షల కప్పులు. ఇరవై మందిలో ఒకరంటే 5 లక్షలు. మెట్లు అవే, గుణకారం అదే. తేడా అంతా మొదటి ఊహలోనే ఉంది. ఆ ఊహ ఊరు తెలిసినవారికి తేలిగ్గా తడుతుంది. పలాస నుంచి వచ్చి మొన్ననే నగరంలో దిగిన అమ్మాయికి తట్టదు. గోల్ఫ్ బంతి అడ్డుకొలత నాలుగు సెంటీమీటర్ల పైచిలుకని, ఆ ఆట మొహమే చూడని ఇంటి బిడ్డకు ఎలా తెలియాలి? పోనీ, అడిగినాయనకు అసలు జవాబు తెలుసా అంటే అదీ లేదు. ఆయన మనసులో ఉన్నది మరో అంచనా. తన దగ్గరే లేని జవాబుతో ఎదుటివారి బతుకును తూచే హక్కు ఆయనకు ఎవరిచ్చారు?

ఈ పద్ధతికి పెద్దదిక్కుగా భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీని చూపిస్తారు. 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుబాంబు పేలినప్పుడు, ఆయన చేతిలోని కాగితం ముక్కలను గాలిలోకి వదిలారు. పేలుడు తాకిడికి అవి దాదాపు రెండున్నర మీటర్లు జరగడం చూసి, శక్తి 10 వేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానమని కట్టారు. అసలు విలువ అందుకు రెట్టింపు పైనే. కళ్ళతో చూసి, అప్పటికప్పుడు అంత దగ్గరికి రావడం అబ్బురమే. కానీ అది ఆయన ఏళ్ళ తరబడి మథించిన శాస్త్రం. పైగా ఆ అంచనాను సరిచూడటానికి పరికరాల కొలతలు ఉన్నాయి. ఇంటర్వ్యూ గదిలో ఈ రెంటిలో ఏది ఉంది? సివిల్ విద్యార్థిని వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు ఎన్ని సిమెంటు బస్తాలు పడతాయో అడగండి. తప్పో ఒప్పో తాపీమేస్త్రీ తేల్చేస్తాడు. కంప్యూటర్ విద్యార్థిని కోటి మంది ఖాతాదారుల వివరాలు దాచడానికి ఎంత చోటు కావాలో అడగండి. అవీ అంచనాలే, చేయబోయే పనికి సంబంధించినవి.

ఒళ్ళు మండించేది ఈ సంస్థల రెండు నాలుకల ధోరణి. పైసా ఖర్చుకూ డేటా చూపమంటారు. యాప్‌లో బటన్ రంగు మార్చాలన్నా వారాల తరబడి పరీక్షించి, అంకెలు చూసి గానీ కదలరు. ఈ ప్రశ్నలు పనికొస్తాయా అన్నదానికి మాత్రం ఒక్క అంకె చూపరు. గూగుల్ చూసుకుంది. విమానంలో గోల్ఫ్ బంతుల వంటి ప్రశ్నలు పూర్తిగా కాలహరణమని, అవి దేనినీ ముందుగా చెప్పలేవని, అడిగేవారికి తాము తెలివైనవాళ్ళమన్న తృప్తినివ్వడమే వాటి ప్రధాన ప్రయోజనమని ఆ సంస్థ అప్పటి మానవ వనరుల అధిపతి లాస్లో బాక్ 2013లోనే బాహాటంగా చెప్పారు. అక్కడ చెత్తబుట్టలో పడినదాన్ని ఇక్కడ ఇంకా నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు. ఎవరిని ఎలా ఎంచుకుంటే పని బాగా చేస్తారన్న దానిపై 85 ఏళ్ళ పరిశోధనలను మనస్తత్వ శాస్త్రవేత్తలు ష్మిట్, హంటర్ 1998లోనే గుదిగుచ్చారు. పని చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలడిగి ఒకే కొలతతో మార్కులు వేయడం మేలైన పద్ధతుల్లో ముందు వరసలో నిలిచాయి. 2022లో మరికొందరు ఆ లెక్కలను తిరగదోడి, ఆ పద్ధతులు ఎంత పనికొస్తాయో చెప్పే అంకెలను తగ్గించినప్పుడు కూడా, ఒకే కొలతతో జరిగే ఇంటర్వ్యూయే అగ్రస్థానంలో ఉంది. డేటా అని జపించేవారికి ఈ డేటా కనిపించదా?

మరోవైపు ఈ ప్రశ్నలకు శిక్షణ ఒక వ్యాపారమైంది. జనాభా, కుటుంబాలు, వాడకం, భాగహారం అంటూ మెట్లు బట్టీపట్టినవాడు గడగడా అప్పజెబుతాడు. దానికి ‘ఆలోచనా సరళి’ అని మార్కులు. ఫీజు కట్టలేనివాడు నిజంగా ఆలోచిస్తూ ఒక్క నిమిషం మౌనంగా ఉంటే, తెలివి లేదని ముద్ర.

సంస్థల పెద్దలారా, ఈ ప్రశ్నలు దాటి చేరినవారు, తడబడ్డా చేరినవారు మూడేళ్ళ తరవాత ఎలా పని చేస్తున్నారో పోల్చి చూశారా? చూస్తే ఆ అంకెలు బయటపెట్టండి. చూడకపోతే, లెక్క చూపమని పిల్లలను నిలదీసే అర్హత మీకు లేదు. ఇక కళాశాలల ప్లేస్‌మెంట్ అధికారులు. ఏ సంస్థ వచ్చినా స్వాగత తోరణాలు కట్టి, ఏం అడిగినా తలూపి, ఎంపికైనవారి ఫొటోలు బ్రోచర్లలో అచ్చువేసుకోవడమేనా మీ ఉద్యోగం? తిరస్కరించిన ప్రతి విద్యార్థికీ ఏ కొలతతో తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వాలని, తేదీ ఖరారు చేసే ముందే షరతు పెట్టండి. ఆ మాత్రం నోరు విప్పలేనివారు విద్యార్థుల దగ్గర శిక్షణ పేరిట వేలకు వేలు వసూలు చేయడం మానుకోండి.