పెంపుడు పాము కరిస్తే పంపించేయాలా?

మొన్న మన సంఘం పిల్లల ప్రదర్శనలో జరిగింది అందరికీ తెలుసు. ఒక అబ్బాయి తన బాల్ పైథాన్‌ను, అంటే విషం లేని చిన్నజాతి కొండచిలువను, తెచ్చాడు. అది పిల్లల చేతులు మారుతూ పోయింది. చివరికి ఒక పాప వేలు మీద కాటు వేసింది. సూదిపోట్ల లాంటి గాట్లు, ఒక చిన్న చీలిక, రెండు చుక్కల రక్తం, అంతే. ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపులో పెద్దలు తలా ఒక మాట అన్నారు: ఇంట్లో పామేమిటి, రేపే వదిలించుకోండి. వచ్చే ఏడాది నుంచి ప్రదర్శనకు జంతువులే వద్దని కార్యవర్గం తేల్చేసింది. ఆ అబ్బాయి గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

పిల్లల మీద ప్రేమతో, భయంతో అన్న మాటలే అవి. కానీ ఆ కాటు ఎందుకు పడిందని ఒక్కరైనా అడగలేదు. అదే మనసుకు కష్టంగా ఉంది.

ప్రదర్శన ఫొటోలు మళ్లీ చూడండి. పాము కళ్లు నీలిబూడిద రంగులో మసకగా ఉన్నాయి. కుబుసం విడిచే ముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరుతుంది. కంటి మీది పొర కూడా ఆ చర్మంలో భాగమే కాబట్టి చూపు మందగిస్తుంది. ఈ దశ మొదలైనప్పటి నుంచి కుబుసం ఊడేదాకా సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. మధ్యలో కళ్లు తేటపడతాయి, అయినా చర్మం ఊడటానికి ఇంకా కొన్ని రోజులుంటుంది. ఆ రోజుల్లో పామును ఎత్తకూడదు. పైగా పక్కనే స్పీకర్లు. పాముకి బయటి చెవులు లేకపోయినా, బల్ల అదురు దవడ ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. కళ్లు సరిగా కనబడని ప్రాణి మీదికి, అంత అదురులో, పైనుంచి ఒకదాని తర్వాత ఒకటిగా చేతులు దిగాయి. పైనుంచి వచ్చే చేయి దానికి గద్దతో సమానం.

ఇళ్లలో పెంచే విషం లేని పాములు కరవడానికి ప్రధానంగా రెండే కారణాలు, భయం, ఆకలి. భయంతో కరిచే పాము సాధారణంగా కొట్టి వదిలేస్తుంది. ముందుగా హెచ్చరిస్తుంది కూడా: మెడను వంపులు తిప్పి వెనక్కి లాక్కుంటుంది, బుస కొడుతుంది. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్ అనే రకాలైతే తోక చివరను గబగబా ఆడిస్తాయి. బాల్ పైథాన్ ఎక్కువగా తలను లోపల దాచుకుని బంతిలా ముడుచుకుంటుంది. ఇవి కనిపిస్తే చేయి నెమ్మదిగా వెనక్కి తీసుకుంటే సరిపోతుంది.

ఆకలి కాటు వేరు. బుస ఉండదు, హెచ్చరిక ఉండదు. ఒళ్లు కదలకుండా తల మాత్రం మన చేతిని వెంబడిస్తుంది. ఒక్కసారిగా పట్టుకుని చుట్టుకుంటుంది, వదలదు. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి. ఎలుక వాసన అంటిన వెచ్చటి చేయి దాని లెక్కలో ఎలుకే. కింగ్ స్నేక్‌కు తిండి మీద యావ మరీ ఎక్కువ. సాటి పాముల్ని కూడా తినేస్తుంది కాబట్టి దాన్ని ఒంటరిగానే ఉంచాలి.

అందుకే తిండి పెట్టే పద్ధతి మీదే అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఉండాలి. తిండి కోసం ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన చచ్చిన ఎలుకను రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. తర్వాత సంచిలో పెట్టి వేడినీళ్లలో ఉంచి, దాని ఒంటి మీద 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వేడి వచ్చేలా చూసుకోవాలి. మైక్రోవేవ్ పనికిరాదు, లోపల ఉడికి పగిలిపోతుంది. ఈ వేడి విషయంలో బద్ధకిస్తేనే ప్రమాదం: చల్లటి ఎలుక కంటే మన వేళ్లు వెచ్చగా ఉంటే పాము వేళ్లనే ఎంచుకుంటుంది. ఎలుకను వేళ్లతో కాక, కనీసం 12 అంగుళాల పట్టకారుతో అందించాలి. ఎలుక లావు పాము ఒంటిలో బాగా లావుగా ఉన్నచోటితో సమానంగా ఉంటే చాలు. బతికున్న ఎలుకను వేస్తే అది పామునే కొరికి గాయపరచగలదు.

పాము ఉండే పెట్టెలోనే తిండి పెడితే పాము చేతిని తిండిగా పొరబడుతుందని, వేరే డబ్బాలోకి మార్చి తినిపించాలని చాలామంది చెబుతారు. ఇది ఉపయోగం లేని సలహా అని నా అభిప్రాయం. వేట ధ్యాసలో ఉన్న పామును తిన్న వెంటనే మళ్లీ చేత్తో ఎత్తాల్సి వస్తుంది. కాటు పడటానికి అంతకంటే అనువైన సమయం లేదు. దానికి బదులు ఎత్తే ముందు ప్రతిసారీ చిన్న కొక్కెంతోనో, కాగితపు గొట్టంతోనో ఒంటి మధ్యలో మెల్లగా తాకండి. కొన్నాళ్లకి ఆ స్పర్శ అంటే తిండి లేదని దానికి అలవాటవుతుంది. తిన్న తర్వాత 48 గంటలు ముట్టుకోవద్దు, కక్కేస్తుంది. కొత్తగా తెచ్చిన పామును కనీసం వారం రెండు వారాలు, రెండు మూడుసార్లు తినేదాకా, అలా వదిలేయాలి. దాక్కోవడానికి రెండు ఇరుకైన గూళ్లు ఇవ్వాలి, ఒకటి వెచ్చగా ఉండే వైపు, ఒకటి చల్లగా ఉండే వైపు.

ఎత్తేటప్పుడు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పక్క నుంచి వెళ్లి, ఒంటి మధ్యలో పట్టి, రెండు చేతులతో మోయాలి. తల పట్టుకోకూడదు. మొదట్లో ఐదు పది నిమిషాలు చాలు. తర్వాత మళ్లీ చేతులు కడగాలి, ఎందుకంటే పాముల ఒంటి మీద విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలను తాకనివ్వకూడదు. ఎనిమిది అడుగులు దాటిన పైథాన్, బోవాలను ఎత్తాలంటే పక్కన ఇంకో పెద్దమనిషి ఉండాలి, మెడలో ఎప్పుడూ వేసుకోకూడదు.

కరిచి పట్టుకుంటే చేయి లాగవద్దు. వాటి పళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి. లాగితే చర్మం చీరుకుపోతుంది, పాము పళ్లు విరిగి గాయంలో ఉండిపోతాయి. ఆ పాప వేలి మీద చిన్న చీలిక పడింది కూడా అందరూ లాగమని అరవడం వల్లే. కదలకుండా ఉంటే చాలాసార్లు అదే వదిలేస్తుంది. వదలకపోతే తల మీద చన్నీళ్లు పోయాలి. చుట్టుకుని ఉంటే తోక వైపు నుంచి విప్పాలి. ఆ తర్వాత గాయాన్ని సబ్బు, పారే నీళ్లతో కనీసం ఐదు నిమిషాలు కడిగి, పన్ను ముక్క మిగిలిందేమో చూడాలి. టెటనస్ టీకా వేయించుకుని ఐదేళ్లు దాటినా, గాయం ముఖం మీదో కీలు దగ్గరో ఉన్నా, ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇళ్లలో పెంచే హాగ్‌నోజ్ అనే రకం పాముకి వెనక కోరల్లో తేలికపాటి విషం ఉంటుంది. దాన్ని మాత్రం నములుతూ ఉండనివ్వకుండా వెంటనే విడిపించాలి, చేయి వాస్తే చూపించుకోవాలి. ప్రాణం తీసే విషమున్న పాములకు ఇంట్లో చోటే లేదు, ఆ విషయంలో పెద్దల మాటే నా మాట.

పాము పగబడుతుందని వింటూ పెరిగాం. పగబట్టే శక్తి దాని మెదడుకు లేదు. కార్యవర్గానికి నా విన్నపం ఇది: నిషేధం ఎత్తేయండి, దాని స్థానంలో షరతులు పెట్టండి. కళ్లు మసకబారి ఇంకా కుబుసం విడవని పామును, తిని రెండు రోజులు కాని పామును అనుమతించకండి. స్పీకర్లకు దూరంగా వేరే గది ఇవ్వండి. పాము యజమాని చేతిలోనే ఉండాలి, మిగతావాళ్లు తల దగ్గర కాకుండా ఒంటి మధ్యలో రెండు వేళ్లతో తాకి చూడొచ్చు. పక్కనే సబ్బు, నీళ్లు, ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ అబ్బాయికి కబురు పెట్టండి, ఈ షరతుల పట్టిక రాసే పని అతనికే అప్పగించండి.