కాశీ ప్రయాణం, సిమ్‌కు తాళం

(తెల్లవారితే కాశీ ప్రయాణం. మంచం మీద సగం సర్దిన సూట్‌కేసు, దాని పక్కన ఆయన ఫోన్, ఫోన్ కవరులో ఏటీఎం కార్డు, కార్డు వెనుక స్కెచ్ పెన్నుతో రాసిన నాలుగు అంకెలు.)

ఆవిడ: దొంగకు వెతుక్కునే శ్రమ లేకుండా ఫోన్‌నూ, కార్డునూ, దాని పిన్‌నూ ఒకేచోట అమర్చి పెట్టారు గనుక, ఇక అతనికి తాంబూలం ఇవ్వడం ఒక్కటే మిగిలింది.

ఆయన: నా ఫోన్ వేలిముద్ర పడితేనే తెరుచుకుంటుంది. ఆ వేలు నాతోపాటే కాశీకి వస్తున్నది.

ఆవిడ: వేలు మీతోనే ఉంటుంది, కానీ సిమ్ పిన్నీసుతో పొడిస్తే బయటికి వస్తుంది. దానిని ఇంకో ఫోన్‌లో వేసుకున్నవాడికి బ్యాంకు పంపే ఓటీపీలన్నీ తిన్నగా వెళ్తాయి. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టే అలవాటు మీకు కొత్త కాదు.

ఆయన: పెరటి తలుపు సంగతి ఒక్కసారే జరిగింది, అప్పుడు పోయింది కూడా నీ పాత ప్రెషర్ కుక్కర్ మాత్రమే. అయినా, ఫోన్ పోతే ప్రభుత్వం వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, ఇచ్చి, అది ఎవరి చేతిలోనూ పనిచేయకుండా ఆపించవచ్చునని తెలిసే, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి ఆ 15 అంకెలనూ ఫోటో తీసి భద్రంగా దాచాను.

ఆవిడ: ఎక్కడ దాచారు?

ఆయన: ఫోన్‌లో. (కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప మరేమీ వినిపించదు.) ఆ కాగితం ఇలా ఇయ్యి.

ఆవిడ: రాసి, ఆ కాగితాన్ని నా సంచిలో వేయండి, మీ సంచిలో కాదు. సత్రంలో ఇవ్వడానికి మాస్క్‌డ్ ఆధార్ తీయించాను. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ఇక విశ్వనాథుడి గుడిలోకి ఫోన్‌ను తీసుకుపోనివ్వరు కాబట్టి, దర్శనం అయ్యేదాకా అది ఏదో ఒక లాకరులో పడి ఉండవలసిందే. అందుకే ఈ రాత్రే సిమ్‌కు పిన్ పెడదాం, ఇంకో ఫోన్‌లో వేసినా ఆ అంకెలు కొట్టందే అది పనిచేయదు.

ఆయన: (సెట్టింగ్స్ తెరిచి) అదేదో పాత పిన్ అడుగుతున్నది. ఒకటీ రెండూ మూడూ నాలుగూ కొట్టి చూస్తాను.

ఆవిడ: ఆగండి! మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి, దాన్ని తిరిగి తెరిచే పీయూకే అనే మరో సంఖ్య అడుగుతుంది. సిమ్‌తోపాటే వచ్చిన ఆ పాత పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఇందాకే కనుక్కున్నాను, ఇదిగో. ఇప్పుడు, మీరు జన్మలో మరచిపోని సంఖ్య ఏదైనా కొత్త పిన్‌గా పెట్టండి.

ఆయన: నీ తమ్ముడు నా దగ్గర చేబదులు తీసుకుని ఇంతవరకు తిరిగి ఇవ్వని మొత్తం పెడతాను.

ఆవిడ: అది రహస్యమా? ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి బారసాలలోనూ మీరు పంక్తిలో కూర్చుని చెబుతూ వచ్చినందువల్ల, కర్నూలు నుంచి కాకినాడ దాకా మన బంధువులలో ఆ అంకెలు తెలియనివాళ్ళు ఎవరూ లేరు.

ఆయన: అసలు మాత్రమే చెప్పాను. వడ్డీతో కలిపి ఎంతయిందో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ: వడ్డీతో కలిపితే నాలుగు అంకెలు దాటిపోదూ?

ఆయన: దాటనీ. సిమ్ పిన్‌కు ఎనిమిది అంకెల దాకా చోటున్నది.