వేలు ఎక్కడ ఆగుతోంది?

తిరుపతిలో అలిపిరి దగ్గర టీ కొట్టు ముందు కాసేపు నిలబడండి. ఎక్కడి నుంచో వచ్చిన పెద్దాయన తన ఫోను పక్కనున్న కుర్రాడి చేతికిచ్చి "ఇది రవ్వంత చూడు నాయనా" అంటాడు. ఓటీపీ కొట్టేలోపే తెర మారిపోతుంది. మళ్లీ మొదటికి. తనకు చేతకాలేదనుకుంటాడాయన. చేతకానిది ఆ తెర చేసినవాళ్లకు అంటాం మేము. మనుషులు ఫోన్లు, కంప్యూటర్లు వాడేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారో గమనించి, ఆ మాట రుజువుతో చెప్పే చదువే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 1954లో, మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన ఏడాదే, పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చేతి కదలికలు కొలిచి ఒక సూత్రం చెప్పాడు. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరంగా ఉంటే, చేయి అక్కడికి చేరడం అంత ఆలస్యం. కంప్యూటర్ మౌస్ ఇంకా పుట్టని రోజులవి. తెర మీద బటన్ ఎంత ఉండాలన్నప్పుడు ఇవాళ్టికీ ఆ సూత్రమే తలుస్తారు. ఒక యాప్‌ను అయిదుగురితో వాడించి చూస్తే లోపాలు చాలావరకు బయటపడతాయన్న, ఈ రంగం నిపుణుడు జేకబ్ నీల్సన్ లెక్కపై వాదోపవాదాలున్నాయి గానీ, డిగ్రీ విద్యార్థి మొదలుపెట్టడానికి అయిదుగురు చాలు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ మాట్లాడేవాళ్లు రోజూ వచ్చిపోయే ఊళ్లో ఆ అయిదుగురికి కరువా?

మన కాలేజీల్లో జరుగుతున్నది వేరు. ఫైనలియర్ రాగానే ప్రాజెక్టు సెంటర్లకు పరుగు. డబ్బు కడితే కోడు, రిపోర్టు, పీపీటీ, చివరికి వైవా జవాబులు కూడా చేతికొస్తాయి. గైడుకూ తెలుసు, ఎగ్జామినర్‌కూ తెలుసు.

2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీలో పరిశోధనకు చోటిచ్చింది. అయితే యూజీసీ లెక్కలో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారికే నాలుగో ఏట ఆ దారి. మార్కులు తెచ్చుకోవడం వేరు, మనిషి ఎక్కడ తడబడుతున్నాడో ఓపిగ్గా కనిపెట్టడం వేరు. అందుకే రెండో ఏడాదిలోనే, మార్కుల అడ్డం లేకుండా, ఇలాంటి రెండు క్రెడిట్ల పరిశోధన పెట్టాలంటున్నాం. ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఎస్వీయూలో సైకాలజీ విభాగం ఉంది, పద్మావతి మహిళా వర్సిటీ ఉంది. తలా ఒక గైడును ఇస్తే చాలు. జట్టులో కోడు రాసేవాళ్లతోపాటు తెలుగు చదివేవాళ్లూ ఉండాలి. బటన్ మీద "సమర్పించు" అని కనిపిస్తే హుండీ గుర్తొచ్చే ఊరు మనది!

ఒక్క జాగ్రత్త. వాడేవారు ఒప్పుకోకుండా వారి ఫోనులోకి తొంగిచూడకూడదు. ఆధార్ నంబరు, ఓటీపీ విద్యార్థి నోటుబుక్కులోకి ఎక్కకూడదు. పరిశోధనలో మనుషులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ లేని కాలేజీ ముందు అది వేసుకోవాలి.

సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే సమావేశం ఎజెండాలో ఈ రెండు క్రెడిట్లు చేరాలి. పిల్లలు పట్టుకున్న లోపాలు ఆయా యాప్‌లు నడిపే కార్యాలయాలకు రాతపూర్వకంగా వెళ్లే ఏర్పాటూ అప్పుడే జరగాలి. లేకపోతే ఆ రిపోర్టులూ బీరువాలోకే పోతాయి.