సాఫ్ట్‌వేర్ నేర్పితే గ్రాఫిక్స్ నేర్పినట్టేనా?

తిరుపతిలో కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్చుకోవాలనుకునే విద్యార్థి ఇంజనీరింగ్ కాలేజీలో ఒక సెమిస్టర్ పాటు సూత్రాలు చదువుతాడు, లేదంటే కొద్ది నెలల్లో ఫొటోషాప్, కోరల్‌డ్రా నేర్పే శిక్షణ కేంద్రంలో చేరతాడు. కాలేజీలో లెక్క ఉంటుంది గానీ బొమ్మ తయారుకాదు. శిక్షణ కేంద్రంలో బొమ్మ తయారవుతుంది గానీ దాని వెనుక లెక్క ఎవరూ చెప్పరు. బొమ్మ గీసే పనిని కృత్రిమ మేధ అందుకుంటున్న ఈ రోజుల్లో ఎక్కువ నష్టపోయేది శిక్షణ కేంద్రాల నుంచి వచ్చినవారే అయినా, లోపం కాలేజీ బోధనలోనే మొదలవుతోందని నా అభిప్రాయం.

తెరపై గీత గీయడానికి వాడే, పరీక్షల్లో తరచూ కనిపించే బ్రెసెన్‌హామ్ పద్ధతినే తీసుకుందాం. (20, 10) నుంచి (30, 18) వరకు గీత గీయడానికి ఏయే చుక్కలు (పిక్సెళ్లు) వెలగాలో పట్టిక వేసి చూపితే మార్కులు పడతాయి. 1962లో ఐబీఎంలో పనిచేస్తున్న జాక్ బ్రెసెన్‌హామ్‌కు ఆ పద్ధతితో ఏం అవసరం వచ్చిందన్న సంగతి మాత్రం తరగతిలో అరుదుగా వినిపిస్తుంది. ఆనాటి యంత్రాలకు భిన్నాలతో గుణకారం, భాగహారం భారమైన పనులు కాబట్టి, పూర్ణాంకాల కూడికలు, తీసివేతలతోనే తర్వాతి చుక్కను తేల్చుకునేలా ఆయన లెక్కను మలిచారు. ఆ పొదుపు ఇప్పటికీ అవసరమే. 1920 × 1080 తెరపై 20,73,600 చుక్కలుంటాయి. వాటిని సెకనుకు 60 సార్లు మార్చాలంటే 12 కోట్లకు పైగా రంగులు తేల్చాలి.

ఈ పాఠం ఎంత అవసరమో చిత్తూరు ఫ్లెక్సీ షాపులో తెలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన 1,280 చుక్కల వెడల్పు ఫొటోను పది అడుగుల బ్యానర్‌కు సాగదీస్తే అంగుళానికి పదకొండు చుక్కలైనా మిగలవు. పుట్టినరోజు పూట నాయకుడి ముఖం గళ్లుగళ్లుగా తేలుతుంది. అదే బ్యానర్‌పై అక్షరాలు ఎంత పెంచినా నున్నగానే ఉంటాయి, ఎందుకంటే ఫాంట్‌లో దాగి ఉన్నవి చుక్కలు కావు, వంపుల సమీకరణాలు. 1960 ప్రాంతంలో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్‌జో, రెనోలో పియరీ బెజియే కార్ల ఆకారాలను గీయడానికి సిద్ధం చేసుకున్న లెక్క అది. తలకట్టు నుంచి వట్రసుడి దాకా గుండ్రంగా తిరిగే మన లిపి ఈ రోజు తెరపైన, ఫ్లెక్సీపైన నిలిచింది ఆ కార్ల లెక్కతోనే.

శ్రీకాళహస్తి కలంకారీకి ఇదే పరిజ్ఞానం మేలూ చేయగలదు, కీడూ చేయగలదు. కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై కలంతో రోజుల తరబడి గీసిన బొమ్మను స్కాన్ చేస్తే, డిజిటల్ ప్రింటింగ్ యంత్రం గంటల్లో మీటర్ల కొద్దీ అచ్చు వేస్తుంది. భౌగోళిక గుర్తింపు (జీఐ) ఆ పేరుకు రక్షణ ఇస్తుంది గానీ, పోలికలున్న పువ్వునూ నెమలినీ అది ఆపలేదు. తమ నమూనాలను తామే గీతలుగా, రంగుల పొరలుగా భద్రపరచుకోవడం కళాకారుల పిల్లలకు వస్తే, కనీసం బేరమాడే శక్తి వారి చేతిలో ఉంటుంది.

నిత్యజీవితంలో ఈ చదువు మరింత అవసరమయ్యేది కాంతి దగ్గర. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత, ఫోన్‌లో చిరుత బొమ్మ కనిపిస్తే భక్తులు ఉలిక్కిపడటం సహజం. అలాంటి బొమ్మను కృత్రిమ మేధతో నిమిషంలో సృష్టించడమూ ఇప్పుడు సాధ్యమే. యూటా విశ్వవిద్యాలయంలో 1973లో బుయ్ తుయోంగ్ ఫాంగ్, ఉపరితలంపై వెలుగును పరిసర కాంతి, అన్ని వైపులా చెదిరే కాంతి, మెరుపు అని మూడుగా విడదీసి లెక్కించారు. ఈ పాఠం చదివినవారు అలాంటి బొమ్మలో నీడ ఎటు పడింది, కంటిలో మెరుపు ఏ దీపానిది అని వెతుకుతారు. కానీ కొత్త తరం సాఫ్ట్‌వేర్లు నీడల తప్పులను వేగంగా దిద్దుకుంటున్నాయి కాబట్టి, ఈ పరీక్ష ఒక్కటే చాలదు. ఫొటో తీసింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగక తప్పదు. నమ్మించే వెలుగును లెక్కతో పుట్టించవచ్చని స్వయంగా చేసి చూసినవారికి ఆ ప్రశ్న త్వరగా తడుతుంది.

కృత్రిమ మేధ వచ్చాక పాత గ్రాఫిక్స్ పాఠాలు ఎందుకన్న వాదన నాకు బలం లేనిదిగా కనిపిస్తుంది. 2012లో చిత్రాలను గుర్తించే పోటీలో గెలిచిన అలెక్స్‌నెట్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ శిక్షణ పొందింది ఆటల కోసం తయారైన రెండు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులపైనే. బొమ్మను తిప్పడానికీ, యంత్రానికి నేర్పడానికీ కావలసింది మాత్రికల (అంకెల పట్టికల) గుణకారమే మరి.

ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ ఉన్న ప్రాంతం తిరుపతి. మొదటి ల్యాబ్‌లో ముందే రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఏదీ లేకుండా ఒక త్రిభుజం గీయించి, మాత్రికతో తిప్పించి, దానిపై వెలుగు పడేలా చేయించాలి. అదే పాఠాన్ని సాయంత్రం తరగతులుగా ఫ్లెక్సీ డిజైనర్లకూ, కలంకారీ కుటుంబాల పిల్లలకూ అందించాలి. పదో తరగతి త్రికోణమితి, నిరూపక రేఖాగణితం వచ్చినవారికి ఇది అందని విద్య కాదు. బ్రౌజర్ ఉన్న మామూలు కంప్యూటర్ చాలు కాబట్టి ఖర్చుకు వెనకాడాల్సిన పని లేదు. మారాల్సింది మార్కుల పద్ధతి. సిలబస్ సవరణ దాకా ఆగకుండా, ల్యాబ్ మార్కులు వేసే అధ్యాపకులే ఈ సెమిస్టర్ నుంచి మొదలుపెట్టవచ్చు.