లోకల్ టీవీ మూతపడింది చూసేవాళ్లు లేక కాదు

బ్రిటన్‌లో ఊరి టీవీ స్టేషన్లు ఒక్కొక్కటిగా ఎందుకు మూతపడ్డాయో చెబుతూ ఒక మాట బాగా తిరుగుతోంది. స్మార్ట్‌ఫోన్లొచ్చి వాటిని మింగేశాయట, అసలు వాటిని ఎవరూ చూడలేదట, ప్రభుత్వం డబ్బిప్పించినా నిలబడలేకపోయాయట. వినడానికి నిజంలాగే ఉంటుంది గానీ మూడూ తప్పే.

ముందు ఫోన్ల సంగతి. 1996 నాటి బ్రాడ్‌కాస్టింగ్ చట్టం చిన్న స్టేషన్లకు దారి తెరిచాక, 1998 అక్టోబరులో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో టీవీ12 మొదలైంది. 2002లో దాని స్థానంలోకి సోలెంట్ టీవీ వచ్చింది. అది 2007 మేలో ఆగిపోయింది. బ్రిటన్‌లో ఐఫోన్ అమ్మకానికి వచ్చింది ఆ ఏడాది నవంబరులో! ఇంకా రాని ఫోన్ ఆ స్టేషన్‌ని ఎలా చంపుతుంది?

అసలు దెబ్బ ఈ స్టేషన్లకిచ్చే ప్రసార లైసెన్సులోనే ఉంది. మొదట్లో రెండేళ్లకే ఇచ్చేవారు, తర్వాత నాలుగేళ్లు చేశారు. ఇచ్చే ఫ్రీక్వెన్సీ కూడా పెద్ద ఛానళ్లు వాడుకోగా మిగిలిందే. పైగా 2012 కల్లా దేశమంతా పాత పద్ధతి అనలాగ్ ప్రసారాలు ఆపేస్తామన్నారు. డిజిటల్‌లో వీళ్లకు చోటు ఉంటుందన్న హామీ మాత్రం ఇవ్వలేదు. ట్రాన్స్‌మిటర్, కెమెరాలు, స్టూడియో అన్నీ కొని కూర్చున్నవాళ్ల టెన్షన్ ఊహించండి. రేపు ఉంటుందో లేదో తెలియని స్టేషన్‌లో డబ్బు పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

ఇక "ఎవరూ చూడలేదు" అనే మాట. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే చూశారో లేదో సరిగ్గా లెక్కపెట్టే ఏర్పాటే లేదు. ఆ దేశంలో రేటింగ్స్ కొలిచే బార్బ్ సంస్థ చాలా ఏళ్ల పాటు సుమారు 5,100 ఇళ్లలో మీటర్లు పెట్టి లెక్క తీసింది. దేశం మొత్తంలో ఇళ్లు దాదాపు 2.7 కోట్లు. అంటే ఒక్కో మీటరు 5 వేలకు పైగా ఇళ్ల తరఫున మాట్లాడేది. 50 వేల ఇళ్లున్న ఊరికి ఈ లెక్కన వచ్చేవి మహా అయితే పది మీటర్లు. ఆ పది ఇళ్లవాళ్లూ ఆ సాయంత్రం ఫుట్‌బాల్ పెట్టుకుంటే, ఊళ్లో వేలమంది లోకల్ వార్తలు చూసినా రేటింగ్ సున్నా. దేశమంతటినీ కొలవడానికి ఆ పద్ధతి బాగానే పనికొస్తుంది, ఊరిని కొలవడానికి పనికిరాదు. ప్రకటనలిచ్చే ఏజెన్సీలు అడిగేదేమో ఆ అంకెనే.

మాంచెస్టర్‌లో 2000లో మొదలైన ఛానల్ ఎం వెనుక గార్డియన్ పత్రిక యాజమాన్యమే ఉంది. అయినా మాంద్యం దెబ్బకు ప్రకటనలు పడిపోయి, 2009లో సగానికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆపైన పాత కార్యక్రమాలే మళ్లీ మళ్లీ వేస్తూ 2012 ఏప్రిల్ దాకా లాక్కొచ్చారు. వార్తలు కూడా తీసేశారు.

డబ్బు విషయానికొస్తే, తర్వాత డిజిటల్‌లో వచ్చిన కొత్త ఊరి స్టేషన్లకు బీబీసీ లైసెన్సు ఫీజులోంచి (టీవీ చూసే ఇళ్లవాళ్లు ఏటా కట్టేది) 4 కోట్ల పౌండ్లు కేటాయించిన మాట నిజమే. అందులో 2.5 కోట్లు ప్రసార ఏర్పాట్లకు. మిగిలింది మూడేళ్ల పాటు ఆ స్టేషన్ల నుంచి వార్తలు కొనడానికి. మూడేళ్ల తర్వాత కూడా విలేకరికి జీతం ఇవ్వాలి కదా. అలాంటి స్టేషన్లలో ఒకటి, 2014 మార్చిలో లండన్ నగరం కోసం వచ్చిన లండన్ లైవ్, 2025 జనవరిలో ఆగిపోయింది.

"ఇప్పుడు ఎవరి ఫోనే వాళ్ల ఛానల్" అనేవాళ్లు ఊరి కౌన్సిల్ సమావేశానికి ఒక్కసారి వెళ్లి చూడాలి. ట్రైపాడ్ వేసుకుని మూడు గంటలు కూర్చోవాలి. మైకు అందని చివరి వరుస సభ్యుడు లేస్తే అటు పరిగెత్తాలి. బస్సు రూటు రద్దు చేసే తీర్మానం పదిహేడో అంశంగా వస్తుంది. ఎవరు చెయ్యెత్తారో, ఎవరు ఎత్తలేదో అది ముగిసేలోపు రికార్డు చేయాలి. దానికోసం అక్కడ జీతం తీసుకునే మనిషి ఒకరు ఉండేవారు. సోలెంట్ టీవీ పోయినప్పుడు ఆ కుర్చీ ఖాళీ అయింది.