పట్టుచీర మీద పాలిఫీమస్

ఉత్తర అమెరికాలో కనిపించే పాలిఫీమస్ చిమ్మట రెక్కలు విప్పితే దాదాపు ఆరంగుళాలుంటుంది గానీ, దానికి తినే నోరు లేదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఓక్, మేపుల్ ఆకులు మేసి కూడబెట్టుకున్న బలంతోనే తన కొద్దిరోజుల ఆయుష్షునూ వెళ్లదీస్తుంది. కాఫీ కూడా అడగని ఈ అతిథి వల్ల న్యూజెర్సీలోని మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ముందురోజు జరిగిన రభస అంతా ఇంతా కాదు.

ఆకురాలు కాలంలో పెరట్లో ఊడ్చిన ఆకుల్లో దొరికిన దీని పట్టుగూటిని మా అబ్బాయి చలికాలమంతా గరాజులో దాచి, జూన్‌లో తీసుకొచ్చి, మా ఆవిడ ఇస్త్రీ చేసి తగిలించుకున్న ధర్మవరం చీర కింద పెట్టాడు. గూడు చీల్చుకుని వచ్చిన చిమ్మటకు ముడతలుపడిన రెక్కలు సాగాలంటే ఎక్కడికైనా ఎగబాకి వేలాడాలి. ప్యూపా దశలో పేరుకున్న మలినాన్ని ద్రవంగా విసర్జించాలి. ఈ రెండు పనులకూ దానికి ఆ జరీ అంచే దొరికింది. మరిగే నీళ్లలో ప్రాణాలు విడిచిన దాయాదుల తరఫున పగ తీర్చుకుందని నేనంటే మా ఆవిడ నవ్వలేదు.

మహదేవ్‌పూర్ నుంచి వచ్చిన మా అత్తగారు మాత్రం, "ఇది మన దసలి పురుగే కద బిడ్డా!" అని మురిసిపోయారు. దసలి అంటే టస్సర్ పట్టు. ఆవిడ మాటలో పెద్ద తప్పేమీ లేదు, దసలి పురుగూ పాలిఫీమసూ ఒకే ప్రజాతికి (జీనస్) చెందినవి. 1860లలో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో ట్రూవెలో అనే ఫ్రెంచివాడు పట్టు కోసం ఈ పాలిఫీమస్‌లనే పెరట్లో పెంచాడు. ఆ తర్వాత యూరప్ నుంచి చెట్ల ఆకులు మేసే స్పాంజీ చిమ్మటను తెప్పించి, అది తప్పించుకుని అమెరికా అడవుల మీద పడ్డాక, ఆయన ఖగోళశాస్త్రంలోకి వెళ్లిపోయాడు. ఆకాశంలో తప్పించుకుపోయేవేవీ ఉండవు కనుక అది తెలివైన నిర్ణయమే.

రెక్కలు గట్టిపడేదాకా కదిలించకూడదని అబ్బాయి పట్టుబట్టడంతో, చీరను చిమ్మటతో సహా దోమతెర ఉన్న వరండాలోకి మార్చాము. వచ్చింది ఆడది. చీకటి పడ్డాక అది వదిలిన వాసన మా ముక్కులకు తగల్లేదు గానీ, ఈకల్లాంటి మీసాలున్న మగ చిమ్మటలకు ఎంతో దూరం నుంచే అందింది. అర్ధరాత్రికి దోమతెర నిండా పిలవని పెళ్లికొడుకులే. వ్రతానికి పిలిచినవాళ్లు మాత్రం ఇంకా చూద్దాం లెమ్మనే అంటున్నారు. చివరికి అత్తగారు దాన్ని కొమ్మ మీదకు ఎక్కించి బయట వదిలారు.

డ్రైక్లీనింగ్ దుకాణంలో మరక దేనిదని అడిగితే మా ఆవిడ పట్టుపురుగుదని ఉన్నమాటే చెప్పింది. ఆ అబ్బాయి ఆమె ముఖం కాసేపు చూసి, రసీదు మీద "సాస్" అని రాసుకున్నాడు.